రిలే పట్టాకే మాట

లిఫ్టమ్మకి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, పెట్టినవాళ్ళు సరిగ్గానే పెట్టారు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆవిడ లిఫ్టులు బాగుచేస్తోంది. ఆ చుట్టుపక్కల మేడల్లో జనం క్షేమంగా ఎక్కి దిగుతున్నారంటే అందులో ఆవిడ చెయ్యి ఉంది. తలుపు పూర్తిగా మూసుకున్నాకే లిఫ్టు కదలాలి, పూర్తిగా ఆగాకే తలుపు తెరుచుకోవాలి. ఈ వరస తప్పిన యంత్రాన్ని చూస్తే ఆవిడకి ఒళ్ళు మండుతుంది. అలాంటి యంత్రాన్ని చూసీచూడనట్టు వదిలేసిన మెకానిక్కు కనబడితే ఇంకా మండుతుంది.

ఆవిడ భర్త పుస్తకాలు బైండింగ్ చేస్తాడు. ముందుగదిలోనే బల్ల, జిగురు గిన్నె, దారపు కండెలు, అట్టలు కోసే కత్తి. ఆయన కుట్టిన పుస్తకం విప్పితే వెన్ను విరగదు, మూస్తే నోరు తెరుచుకుని ఉండదు. మనిషి కూడా అంతే, నెమ్మది. వచ్చిన చిక్కల్లా మాటతోనే. ఆయనకి నత్తి. వాక్యం మధ్యలో పెద్దగా ఇబ్బంది పడడు గానీ మొదటి మాట దగ్గర గొంతుకి తాళం పడుతుంది. అప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. మాట బయటపడ్డాక తెరుస్తాడు. ఎదుటివాళ్ళ మొహం ఆ కాసేపట్లో ఎలా మారుతుందో చిన్నప్పుడే చూసి ఉన్నాడు, మళ్ళీ చూడదలచుకోలేదు.

పెళ్ళైన ఈ ఇరవై ఆరేళ్ళలో ఆయన కళ్ళు మూసుకున్నప్పుడల్లా లిఫ్టమ్మ మాట అందుకునేది. డాక్టరు దగ్గర ఆయన నొప్పి ఆవిడే చెప్పేది. ఫోను మోగితే ఆవిడే ఎత్తేది. కొట్టుకి వెళ్తే ఆయన నోట్లో మాట తిరుగుతుండగానే ఆవిడ అడిగేసి, తూకం వేయించి, సంచీలో వేయించుకుని గుమ్మం దిగేది. ప్రేమ కొద్దీ చేసిందే అదంతా. ఆయన మొహం ఎర్రబడుతుంటే చూస్తూ నిలబడటం ఆవిడ వల్ల అయ్యేది కాదు. ఆయన కూడా ఎప్పుడూ వద్దనలేదు. వద్దనాలన్నా ముందు నోరు తెరవాలి కదా, ఆ అవకాశం ఆవిడ ఇస్తేగా!

అలాంటి మనిషికి రేడియో పిచ్చి పట్టింది. ఓడల్లో రేడియో ఆఫీసరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు సముద్రం మీద రోజూ రాసుకున్న తన పాత లాగ్‌బుక్కులు బైండింగుకి తెచ్చి, కూర్చుని కబుర్లు చెప్పి, ఈయన చెవిలో పురుగు దూర్చి వెళ్ళాడు. సొంతంగా రేడియో పెట్టుకుని దేశాల అవతలి మనుషులతో మాట్లాడుకోవచ్చట. దానికి పరీక్ష ఉంటుందట. పరీక్ష కాగితం మీదే గనక నాలుకతో పని పడలేదు. మొదటిసారికే పాసయ్యాడు. వచ్చిన లైసెన్సుకి తనే తోలు అట్ట కట్టుకుని గోడకి తగిలించుకున్నాడు.

అది జరిగి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో ఆ రేడియోలో ఆయన ఒక్క ముక్క మాట్లాడలేదు. ప్రతి ఆదివారం పొద్దున ఏడున్నరకి పదీ పదిహేనుమంది గాలిలో కలుసుకుంటారు. రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఒకావిడ వంతులవారీగా అందరి చేతా మాట్లాడిస్తుంది. ఆవిడని అందరూ పెద్ద టీచరంటారు. బేకరీ ఆయన ఒకాయన ఉన్నాడు, పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టే ఎప్పుడూ తొందరపడుతూ మాట్లాడతాడు. బైండరు వాళ్ళ దగ్గులు కూడా గుర్తుపట్టగలడు. వాళ్ళకి మాత్రం ఇలాంటి మనిషి ఒకడున్నాడనే తెలియదు. నోటితో పనేముంది, టకటకా చుక్కలూ గీతలూ కొట్టి పలకరించవచ్చుగా అని ఓడ పెద్దాయన సలహా ఇచ్చాడు. దానికి బైండరు చాలాసేపు తీసుకుని ఒకటే చెప్పాడు, తనకి మాట్లాడాలనుందని.

ఆ జవాబు ఓడ పెద్దాయనకి ఎంత నచ్చిందంటే, చిన్న ఇంటికి మారుతున్నప్పుడు తన పాత యాంప్లిఫయరు పట్టుకొచ్చి ఇచ్చేశాడు. బైండరు రేడియో చిన్నది. దాని గొంతు కొండల అవతల ఉన్న పెద్ద టీచరు దాకా అందదు. ఈ ఇనప్పెట్టె తగిలిస్తే అందుతుంది. అది బల్ల మీదికి ఎక్కిన రోజున బైండరు కేలెండరులో ఒక ఆదివారం చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టాడు. ఆ రోజు మాట్లాడతానన్నాడు.

ఇక మిగిలింది రేడియోకీ యాంప్లిఫయరుకీ జత కలపడం. అది లిఫ్టమ్మ పని.

యాంప్లిఫయరు లోపల బొటనవేలంత కాయిలున్న పాతకాలపు రిలే ఒకటి ఉంది. రిలే అంటే ఆవిడకి ఇంట్లోమనిషి కింద లెక్క. లిఫ్టు గదిలో గోడ నిండా అవే. కరెంటు ఇస్తే టక్కున పట్టి, తీస్తే టక్కున వదిలే మీటలు. రేడియో వెనక ఉన్న సాకెట్టు ఈ రిలేని లాగగలదని పుస్తకంలో రాసి ఉంది గానీ, లోపల ఆ పని చేసేది మిరియపు గింజంత ట్రాన్సిస్టరు. పాత రిలేని నేరుగా దాని మెడకి కట్టడమంటే పసిపిల్లాడి చేత బీరువా జరిపించడమే. పైగా కాయిలుకి ఒక దుర్గుణం ఉంది. కరెంటు తీసేసిన క్షణంలో అది వెనక్కి తన్నుతుంది. పన్నెండు వోల్టులే కదా అని చెయ్యి పెట్టి లిఫ్టమ్మ కొత్తలో ఒకసారి మోచెయ్యి దాకా జిల్లుమనిపించుకుంది. ఆ తన్నుకి చిన్న ట్రాన్సిస్టరు చప్పుడు కాకుండా చచ్చిపోతుంది.

అందుకని ఆవిడ ఒక డబ్బా తయారుచేసింది. డబ్బాలో చిన్న రిలే. రేడియో ఈ చిన్నదాన్ని మాత్రమే లాగుతుంది, చిన్నది పెద్దదాన్ని లాగుతుంది. రెండు కాయిళ్ళకీ అడ్డంగా ఒక్కో డయోడు. డయోడు మీద తెల్ల గీత ఉంటుంది, అది ప్లస్సు వైపు ఉండాలి. అప్పుడు కాయిలు తన్నిన తన్ను బయటికి పోకుండా అందులోనే తిరిగి చల్లారుతుంది. ఇంకొక సంగతి కూడా ఉంది. పెద్ద రిలే పూర్తిగా పట్టకముందే రేడియో శక్తి వదిలితే రిలే పళ్ళు మాడిపోతాయి. కాబట్టి రేడియో వెనక నోరు మూసే తీగ ఒకటుంటే దాన్నీ డబ్బాకి కలిపింది. మైకు మీట నొక్కగానే ముందు రిలే పడుతుంది, ఆ తరవాత డబ్బా ఆ తీగని వదులుతుంది, అప్పుడు రేడియో నోరు తెరుస్తుంది. మధ్యలో ఎంతసేపు ఆగాలన్నది ఒక కెపాసిటరు చేతిలో ఉంటుంది. కెపాసిటరు చిన్నదైతే తక్కువసేపు, పెద్దదైతే ఎక్కువసేపు. నిజానికి కావలసింది రెప్పపాటు కన్నా తక్కువ.

సరిగ్గా ఇక్కడే లిఫ్టమ్మకి ఒక ఆలోచన వచ్చింది. రాకుండా ఉంటే బాగుండేది.

గొంతుకి తాళం పడిన ఆ మొదటి కాసేపు రేడియో నోరు మూసుకునే ఉంటే? ఆయన మీట నొక్కుతాడు, రిలే టక్కుమంటుంది, ఆయన కళ్ళు మూసుకుని పెనుగులాడతాడు. ఆ పెనుగులాట గాలిలోకి పోదు. మాట బయటపడే వేళకి రేడియో నోరు తెరుస్తుంది. అవతల పదిహేనుమందీ శుభ్రమైన మాట వింటారు. రేడియో గాలిలోకి పలుకుతోందని చూపే మీటరు ముల్లు ఎప్పుడు లేచిందో ఆయన చూడనే చూడడు, కళ్ళు మూసుకుని ఉంటాడు కదా! ఆయనకి చెప్పకపోతే తెలియదు. చెప్తే ఒప్పుకోడు. అందుకని చెప్పలేదు.

పని మొదలెడితే ఆవిడ ఉజ్జాయింపులు ఒప్పుకోదు. లిఫ్టు తలుపులు ఎంతసేపట్లో మూసుకుంటాయో చూసే స్టాప్‌వాచీ ఇంటికి తెచ్చింది. భోజనాల దగ్గర దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఆయన్ని ఏదో ఒకటి అడిగి, బల్ల కింద బొటనవేలితో నొక్కుతూ మూడు వారాలు లెక్క కట్టింది. ఈ మూడు వారాలూ భార్య తన మాట అందుకోకుండా ఎందుకు చూస్తూ కూర్చుంటోందో తెలియక పాపం బైండరు మరింత తడబడ్డాడు. కూడి భాగిస్తే నాలుగు సెకన్లు వచ్చింది. కందిగింజంత ఉండవలసిన చోట ఆవిడ వేలిముక్కంత కెపాసిటరు పెట్టి మూత బిగించింది. ఆవిడ ఎదురుగానే పరీక్షించి చూశారు. ఆయన కళ్ళు మూసుకున్నాడు, మాట ఆగింది, వచ్చింది, ముల్లు లేచింది. అంతా అనుకున్నట్టే ఉంది.

పెన్సిలు సున్నా చుట్టిన ఆదివారం వచ్చింది. బైండరు ఆరింటికే తల దువ్వుకున్నాడు, రేడియోలో తల కనబడుతుందన్నట్టు. ఏడుంపావుకి గదిలోకి వెళ్తూ వెనక్కి తిరిగి, ఆవిణ్ణి బయటే ఉండమనీ తలుపు వేసుకుంటాననీ చేత్తో సైగ చేశాడు. ఆవిడకి చివుక్కుమంది గానీ సరేనంది. వంటింట్లోకి వెళ్ళి, పప్పుల డబ్బాల వెనక అంతకుముందే దాచుకున్న, వినడానికి మాత్రమే పనికొచ్చే చిన్న రేడియో తీసి, చెవికి ఆనించుకుని కూర్చుంది. లిఫ్టు గోతిలో పదమూడో అంతస్తు దగ్గర వేలాడినప్పుడు కూడా ఆవిడ అంత భయపడలేదు.

పెద్ద టీచరు అందరినీ పలకరించి, కొత్తవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగింది. అలవాటుగా అడిగే మాటే అది. జవాబు కోసం ఆగింది.

గదిలో రిలే టక్కుమన్న చప్పుడు వంటింట్లోకి వినబడింది. వెంటనే మూసిన తలుపు వెనకనుంచి ఒక గొంతు వచ్చింది.

"అందరికీ నమస్కారం. నేను పుస్తకాల బైండర్ని. రెండేళ్ళుగా మీ మాటలు వింటున్నాను."

ఎక్కడా ఆగలేదు. తడబడలేదు. అది తన భర్త గొంతేనని పోల్చుకోవడానికి లిఫ్టమ్మకి క్షణం పట్టింది. ఆ గొంతు అలా వరసగా, నింపాదిగా నడవడం పెళ్ళయ్యాక ఆవిడ ఎన్నడూ వినలేదు. ఎంత బాగుందో! కానీ రెండో చెవి దగ్గరున్న చిన్న రేడియోలో అంతసేపూ ఏమీ రాలేదు. చివర్న మాత్రం ఒకే ఒక్క ముక్క వచ్చింది.

"...వింటున్నాను."

ఎవరో వింటున్నానన్నారు, మొదలంతా పోయింది అని పెద్ద టీచరు అంది. రిలే ఆలస్యంగా పడుతున్నట్టుంది చూసుకోండని బేకరీ ఆయన ఒక్క గుక్కలో అనేశాడు. ఎవరో ఏమిటో మళ్ళీ ఒకసారి చెప్పమని పెద్ద టీచరు మర్యాదగానే అడిగింది. గదిలో మళ్ళీ రిలే టక్కుమంది. ఈసారి తలుపు వెనకనుంచి మాట రాలేదు. ఆవిడకి బాగా తెలిసిన నిశ్శబ్దమే వచ్చింది. చిన్న రేడియోలో కాసేపటికి ఒక ఊపిరి, దాని తరవాత ఒక అక్షరం ముక్క. రిలే వదిలిన చప్పుడయింది. పెద్ద టీచరు కాసేపు చూసి తరవాతివాళ్ళని పిలిచింది.

బైండరు బయటికొచ్చి మంచినీళ్ళు తాగాడు. ఆవిడ చిన్న రేడియో అప్పటికే డబ్బాల వెనక్కి చేరింది. మీట సరిగ్గా నొక్కలేదేమో, మొదటిసారి కదా, చెయ్యి వణికి ఉంటుందని ఆయనే తంటాలుపడుతూ చెప్పాడు. ఆ చెప్పేటప్పుడు కూడా అలవాటు కొద్దీ ఆవిడ రెండు మాటలు అందుకుంది. ఆయన తలూపి, గదిలోకి వెళ్ళి, రేడియో మీద గుడ్డ కప్పాడు. తనకిది అచ్చిరాదనీ, పెట్టె ఓడ పెద్దాయనకి తిరిగి ఇచ్చేద్దామనీ భోజనాల వేళకి ఒక చీటీ మీద రాసి ఆవిడ పళ్ళెం పక్కన పెట్టాడు. నోటితో చెప్పే ఓపిక కూడా లేకపోయింది మనిషికి.

లిఫ్టమ్మ పళ్ళెం పక్కకి జరిపింది. ఇరవై ఆరేళ్ళకి ఒక్క మాట ఆయన నోట శుభ్రంగా వస్తే, తను పెట్టిన డబ్బా దాన్ని నమిలి మింగేసింది. తప్పు తనదని తెలియక ఆయన తన చేతినే అనుమానిస్తున్నాడు. లెక్కలో పొరపాటు ఎక్కడ జరిగిందో కూడా ఆవిడకి అర్థమయింది. మూడు వారాలూ తను ఎదురుగా కూర్చునే కొలిచింది. తను లేనప్పుడు ఆయన ఎలా మాట్లాడతాడో కొలవలేదు. కొలవాలన్న ఊహే రాలేదు.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా డబ్బా తెచ్చుకుని మూత విప్పింది. కందిగింజంత కెపాసిటరు సంచీలో ఉంది. మార్చడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ తరవాత ఎలాగో బతిమాలి ఆయన్ని మళ్ళీ కూర్చోబెడితే సరి, మూడో కంటికి తెలియదు. టంకం కడ్డీ వేడెక్కింది కూడా. కానీ చెయ్యి ముందుకి పోలేదు.

లిఫ్టు గదుల్లో గోడకి ఒక పుస్తకం వేలాడుతూ ఉంటుంది. ఎప్పుడు వచ్చినా, ఏం జరిగినా అందులో రాయాలి. తేదీ, లోపం, కారణం, చేసినవారి సంతకం. కొందరు మెకానిక్కులు కారణం దగ్గర గీత గీసి, ఆపి మళ్ళీ ఆన్ చేశాను, బాగానే ఉంది అని రాసి పోతారు. అలాంటివాళ్ళని లిఫ్టమ్మ ఎంతమందిని చెడామడా తిట్టిందో లెక్కలేదు. ఆవిడ కడ్డీ ఆపేసి, అట్టల బల్ల మీదనుంచి ఒక కాగితం తీసుకుంది.

బైండరు లేచి వచ్చేసరికి బల్ల మీద విప్పిన డబ్బా, పక్కన కాగితం ఉన్నాయి. ఆవిడ ఎదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాగితం మీద ఇలా ఉంది:

లోపం: మాట మొదలు పోయింది. కారణం: కెపాసిటరు పెద్దది పెట్టారు. పొరపాటున కాదు, కావాలనే. పెట్టినది: నేను.

కింద సంతకం.

ఆయన రెండుసార్లు చదివాడు. డబ్బాని వెలుతురుకి తిప్పి కెపాసిటరు మీది అంకెలు చూశాడు. పరీక్ష పాసైన మనిషి కదా, పెన్సిలు తీసుకుని ఒక అట్టముక్క మీద లెక్క వేశాడు. నాలుగు వచ్చింది. మళ్ళీ వేశాడు. అప్పుడూ నాలుగే. తలెత్తి ఆవిణ్ణి చూశాడు. స్టాప్‌వాచీ సంగతి, భోజనాల సంగతి, పప్పుల డబ్బాల వెనక రేడియో సంగతి ఆవిడ ఒక్కటీ దాచకుండా చెప్పింది. ఆయన మాట మొత్తం తలుపు వెనకనుంచి విన్నానని కూడా చెప్పింది. ఆ మాట చెప్తుంటే ఏడుపొచ్చింది.

బైండరు కళ్ళు మూసుకున్నాడు. మాట గొంతులో తిరగడం మొదలైంది. ఆవిడ నోరు అప్పుడే తెరుచుకోబోయింది. రెండు పెదవులూ పళ్ళతో పట్టుకుని ఆపుకుంది. గోడ గడియారం ముల్లు కదులుతోంది. ఆయన పెనుగులాడాడు, ఆగాడు, మళ్ళీ మొదలుపెట్టాడు.

"ను... నువ్వు లేనప్పుడు నాకు నత్తి ఇంతగా రాదు."

ఆవిడ పెదవులు ఇంకా పళ్ళ మధ్యే ఉన్నాయి. ఆయన మాట ఇంకా అయిపోలేదని మొహం చెప్తోంది.

"నీ తప్పని కాదు. నేను నోరు తెరిస్తే నువ్వు అందుకుంటావని తెలుసు. అందుకోకముందే చెప్పేయాలని పరిగెత్తుతాను. త... తలుపు మూసుకోకముందే లిఫ్టు కదిలితే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ ఒక్క తప్పు జరగకుండా చూడటమే ఆవిడ ఉద్యోగం. మేడల్లో చూసుకుంది, ఇంట్లో చూసుకోలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, కోపమొచ్చిందా అని అడిగింది. ఆయన వచ్చిందన్నాడు. ఆ ముక్క మాత్రం తడుముకోకుండా వచ్చింది. ఇద్దరికీ నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వుతో కోపం మొత్తం పోయిందని అనుకోవద్దు. రెండు రోజులు ఆయన అట్టలు కోస్తున్న చప్పుడు మామూలు కన్నా గట్టిగానే వినిపించింది.

మూడో రోజు ఆయనే డబ్బా తెచ్చి ఆవిడ ముందు పెట్టి, ఈసారి తను చేస్తానన్నాడు. ఆవిడ చూస్తూ కూర్చోవాలి, అంతే. ఆవిడ బుగ్గలో ఒక పిప్పర్‌మెంటు బిళ్ళ వేసుకుంది. ఈ ఉపాయం కూడా ఆ వారంలోనే కనిపెట్టింది. నోట్లో ఏదో ఒకటి ఉంటే మాట అందుకోవడం కొంచెం కష్టమవుతుంది. కొట్టు దగ్గర కూడా అదే చేసింది. బైండరు మొదటి మాట దగ్గర ఆగగానే కొట్టతను మిగతాది చెప్పమన్నట్టు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ సబ్బుల అరల వైపు చూస్తూ నిలబడింది. ఇంటికొచ్చేసరికి మూడు బిళ్ళలు కరిగిపోయాయి గానీ, ఆయన అడగదలచుకున్నదే అడిగి తెచ్చుకున్నాడు.

కుట్టుపని చేసిన చేతులు గనక టంకం పని కూడా పొందిగ్గానే చేస్తున్నాడు. పెద్ద కెపాసిటరు ఊడింది. కందిగింజంతది దాని చోట కూర్చుంది. ఊడదీసేటప్పుడు పక్కనున్న డయోడు కాలు విరిగింది. ఆయన సంచీలోంచి కొత్తది తీసి, కాళ్ళు వంచి, రంధ్రాల్లో దూర్చాడు.

తెల్ల గీత మైనస్సు వైపు ఉంది.

లిఫ్టమ్మ బిళ్ళ కొరికేసింది. అలాగే వదిలి కరెంటు ఇస్తే, చిన్న రిలే లాగబోయిన మరుక్షణం రేడియోలో ట్రాన్సిస్టరు మాడుతుంది. ఆ ట్రాన్సిస్టరు కోసమే కదా ఈ డబ్బా అంతా. చెయ్యి లేచింది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆయన చెయ్యి స్విచ్చు మీదికి వెళ్తే అప్పుడు చెప్తాను, అంతదాకా నోరు మెదపను అని తనకి తనే ఒట్టు పెట్టుకుంది. ఆయన టంకం పెట్టాడు. ఊదాడు. మిగిలిన కాలు కత్తిరించాడు. అప్పుడు డబ్బా తీగల బొమ్మ గీసిన కాగితం దగ్గరికి లాక్కుని, వేలితో ఒక్కో గీతా తడుముకుంటూ వచ్చి, డయోడు దగ్గర ఆగాడు. బుర్ర గోక్కున్నాడు. కిసుక్కున నవ్వి, కడ్డీ మళ్ళీ అందుకుని, డయోడు తీసి తిప్పి పెట్టాడు.

ఆవిడకి ముందే కనబడిందా అని తల తిప్పకుండానే అడిగాడు. కనబడిందని ఆవిడ ఒప్పుకుంది. ఆ సాయంత్రం అట్టలు కోస్తున్న చప్పుడు మామూలుగా వినిపించింది.

ఆదివారం ఏడుంపావుకి ఆవిడ తనంతట తనే వంటింట్లోకి పోబోతుంటే బైండరు తలుపు పూర్తిగా తెరిచి పట్టుకున్నాడు. గదిలో ఇంకో కుర్చీ వేసి ఉంది. నేనుంటే మాట పట్టేస్తుంది కదా అని ఆవిడ గుర్తుచేసింది. ఆవిడ లేనప్పుడు మాట్లాడటం తనకి ఎటూ వచ్చునని, ఇప్పుడు రెండోది నేర్చుకోవాలని ఆయన అన్నాడు. అనడానికి సమయం పట్టింది. ఆవిడ చివరిదాకా విని, వచ్చి కూర్చుంది.

కొత్తవాళ్ళెవరైనా ఉన్నారా అని పెద్ద టీచరు అడిగింది.

ఆయన మీట నొక్కాడు. రిలే టక్కుమంది, ముల్లు వెంటనే వణికింది. ఇప్పుడిక దాపరికం లేదు, ఈ గదిలో ఏది జరిగితే అది కొండల అవతలికి పోతుంది. ఆయన కళ్ళు మూసుకోబోయి, ఎందుకో ఆగి, తెరిచే ఉంచి ఆవిడ వైపే చూశాడు. మాట పట్టేసింది. మెడ నరం లేచింది. 'అం' అన్న ఒక్క ముక్క గొంతులో కొట్టుకుంటోంది, ముల్లు దానితో పాటు ఎగిరి పడుతోంది. లిఫ్టమ్మకి ఆ తరవాతి మాటేమిటో తెలుసు, దాని తరవాతిది కూడా తెలుసు. పెదవులు బిగించుకుని ఆయన కళ్ళలోకే చూస్తూ కూర్చుంది. స్టాప్‌వాచీ సొరుగులో ఉంది గానీ అలవాటైన బుర్ర ఊరుకోదు కదా, లోపల లెక్క నడుస్తూనే ఉంది. నాలుగు దాటింది. ఏడు. తొమ్మిది. అంత తొందరపడే బేకరీ ఆయన కూడా మీట నొక్కలేదు. పదకొండు.

"అందరికీ నమస్కారం. నేను... పుస్తకాల బైండర్ని. రెండేళ్ళుగా మీ మాటలు వింటున్నాను."

ఆయన మీట వదిలాడు. పెద్ద టీచరు గొంతు వచ్చింది. మొదలు నుంచి చివరిదాకా ఒక్క అక్షరం పోకుండా వినబడిందని చెప్పింది. రెండేళ్ళు ఆయన విన్నాడు కాబట్టి ఇక వినడం తమ వంతని, తీరిగ్గా మాట్లాడమని అంది. అది అయ్యాక, టీచరు కదా, పాఠం వదలదు. పోయినవారం మొదలంతా పోయింది కదా, లోపం ఎక్కడుందో దొరికిందా, చెప్తే మిగతావాళ్ళకి కూడా పనికొస్తుందని అడిగింది.

లిఫ్టమ్మ తలొంచుకుంది. చెప్పాల్సిందే, రాసి సంతకం పెట్టింది తనే. మా ఆవిడ పెద్ద కెపాసిటరు పెట్టిందండీ అని ఆయన అంటాడు, పదిహేనుమంది ముందు. అననీ, నిజమే కదా అనుకుంది.

రిలే టక్కుమంది.

"మా... మా ఇంట్లో ఇద్దరం ఒకేసారి మాట్లాడేవాళ్ళమండీ. ఇప్పుడు వరస కుదిరింది."

అవతల ఎవరో నవ్వారు, బేకరీ ఆయనే అయ్యుంటాడు. పెద్ద టీచరు తరవాతివాళ్ళని పిలిచింది. బైండరు మైకు బల్ల మీద పెట్టి, కుర్చీ ఆవిడ వైపు తిప్పుకుని, ఎలా మాట్లాడానని అడిగాడు.

ఆవిడ చెప్పబోయింది. ఏ మాట దగ్గరా, ఎవరి దగ్గరా తడుముకోవడం ఎరగని మనిషి. నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. మొదటి మాట రాలేదు. అది ఏ మాటో ఆయనకి తెలుసు. అయినా అందుకోలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కళ్ళు తెరుచుకుని, ఎంతసేపైనా ఫరవాలేదన్నట్టు ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.